డబ్బా మూత దిగ్విజయము

స్వస్తి! వేసవికాలము తన చతురంగబలములతో నగరము మీద విరుచుకుపడి, తారు రోడ్డును పెనము గావించి, కుక్కలను కార్ల క్రిందికిని, కార్లవారిని చెట్ల క్రిందికిని తరిమికొట్టి, చెట్టు దొరకనివారిని వారి ఖర్మకు వదలివేసిన ఒకానొక శుక్రవారము నాడు, సాయంకాలము నాలుగు గంటల ఇరువది నిమిషములకు, మూడు రోడ్లు కలిసి ఒకదానినొకటి తిట్టుకొను కూడలి నడిబొడ్డున, ఇరువదియారేండ్ల వయోవృద్ధమైన నీలవర్ణ బీఎండబ్ల్యూ కారొకటి ఆగిపోయి, బానెట్టు సందుల నుండి ధవళధూమమును అగ్నిపర్వతము వలె వెడలగ్రక్కుచుండెను. వెనుక నిలిచిన వాహనములన్నియు హారన్లతో శంఖారావము చేయుచుండెను.

ఆ రథమును నడుపు మహారథి ఎవ్వడయ్యా అందురా? చెప్పెద. వర్గమూల విదారణుడు, సుద్దముక్క ధనుర్ధరుడు, వెనుక బెంచీల గుండెల్లో నిద్రపోవువాడు, ఇద్దరు వాడి వదిలించుకొన్న కారును మూడవవాడై ముచ్చటపడి కొన్న ఏకైక సాహసి, మన లెక్కల మాస్టారు.

ఆయన ప్రక్కన ధర్మపత్ని. ఆమె తపాలా కార్యాలయమున ముద్ర వేయు ఉద్యోగిని. ఆమె నోట పడిన మాట ముద్ర పడినట్లే. వెనుక సీటున ఆమె తల్లి, అనగా మాస్టారి అత్తగారు. నలువదేండ్లు కుట్టుమిషను త్రొక్కిన ఆ తల్లి ఇటీవలే ఒక కంటికి ఆపరేషను చేయించుకొని, నల్ల కళ్ళజోడు ధరించి, డాక్టరుకు చూపించుకొనుటకై బయలుదేరినది. ఇంజను మరుగకుండుటకు దాని వేడిని కొంత కారులోనికి లాగవలెనను యుద్ధతంత్రముతో మాస్టారు ఆ మండువేసవిలో హీటరును పూర్తిగా త్రిప్పి ఉంచెను. ఇది ఈనాటి కథ కాదు. నెల దినములుగా ఇదియే తంతు.

"అల్లుడుగారూ," అని వెనుక నుండి వినవచ్చెను, "నన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నారా, ఇస్త్రీ చేస్తున్నారా?"

మాస్టారు వినిపించుకొనక, దిగి, బానెట్టు నెత్తి, పొగలో తల దూర్చి, దగ్గి, దగ్గుట ఆపి, విజయగర్వముతో ప్రకటించెను. "దొరికాడు శత్రువు! ఇంతకాలం ఈ యంత్రగర్భంలో దాగి, మన వంశప్రతిష్ఠను ఆవిరి చేస్తున్న ఆ ద్రోహి వీడే!"

"ఎవడండీ?"

"మూత."

నిజమే. కూలెంటు నీళ్ళు నిలువచేయు ప్లాస్టిక్ డబ్బాకు ఒక మూత కలదు. దానికి తలవెంట్రుక మందమున పగులు. మూత పగిలినచో ఒత్తిడి నిలువదు. ఒత్తిడి నిలువనిచో నీరు మరిగి పారిపోవును. నీరు పారిపోయినచో మాస్టారి పరువు దాని చేయి పట్టుకొని వెళ్ళిపోవును. అంతా కలిపి అరచేతిలో పట్టు వస్తువు.

భార్య ఫోను చెవి నుండి దించెను. "ఇవాళ డాక్టరు వెళ్ళిపోయారట. రేపు పదకొండింటికి రమ్మన్నారు. ఇంకో ఫోన్ కూడా చేశాను. తుక్కాయనకి. రేపు పొద్దున క్రేన్ బండి వేసుకుని వస్తాడు. రేపు ఆస్పత్రికి వెళ్ళేలోపు ఈ కారు ఎక్కడ ఆగితే, అక్కడి నుంచే దాన్ని ఎత్తుకుపోతాడు."

"తుక్కా!" మాస్టారు బానెట్టుకు అడ్డముగా నిలిచెను. "పదకొండేళ్ళు మనల్ని మోసిన ఈ ఉత్తమాశ్వాన్ని..."

"ఇది మనల్ని మోసింది తక్కువ. మనం దీన్ని తోసింది ఎక్కువ. తోసేది నేనూ అమ్మా, స్టీరింగ్ పట్టుకునేది మీరు."

లెక్కల మాస్టారికి లెక్క తప్పు దొరకలేదు.

* * *

నలుబది నిమిషములు చల్లార్చి, మూడు సీసాల నీళ్ళు పోసి, కారును ఇల్లు చేర్చిన పిమ్మట వీరుడు పాత మూతను భక్తితో తుడిచి, అలమారలోని బిస్కెట్ల డబ్బాలో పెట్టెను. అది అమరవీరుల డబ్బా. ఆ కారు కొరకు ప్రాణములర్పించిన బోల్టులు, పైపులు, రబ్బరు చక్రములు తేదీ చీటీలతో సహా అందు శయనించియుండెను. "ఇంట్లో చక్కెరకి డబ్బా లేదు, చచ్చిన బోల్టులకి డబ్బా!" అను సతీమణి శోకము ఆ ఇంటి సుప్రభాతము.

అటుపై, భార్య గులాబీరంగు స్కూటరు నధిరోహించి, ఆమె గులాబీరంగు హెల్మెట్టునే శిరస్త్రాణముగా దాల్చి, వీరుడు నాలుగు వీధుల అవతలనున్న విడిభాగముల దుకాణమునకు దండెత్తెను.

నేల నుండి కప్పు వరకు అట్టపెట్టెలు. గోడకు వ్రేలాడు పాత హెడ్‌లైట్లు వచ్చినవారిని గ్రుడ్లురిమి చూచును. పగిలిన గాజుబల్లకు టేపు పట్టీ. దాని వెనుక, నుదుటి మీది కళ్ళజోడును కళ్ళ మీదికి ఎన్నడును దించని పెద్దాయన. లోకమాయనను కేటలాగ్ బాబాయి అనును.

"బాబాయ్, కూలెంట్ డబ్బా మూత."

"చివరి ఏడు?"

ఇచట పాఠకులకొక రహస్యము. పాత బీఎండబ్ల్యూ యజమానులకు కులగోత్రములతో పని లేదు. ఛాసిస్ నంబరులోని చివరి ఏడక్షరములే వారి ఇంటి పేరు. ఒకే మోడలులో సైతము, ఒక నెలలో పుట్టిన కారు బోల్టు మరుసటి నెలలో పుట్టిన కారుకు పట్టకపోవచ్చును గాన, ఆ సప్తాక్షరీ మంత్రము జపింపనిదే ఏ కొట్టువాడును పెట్టె తెరవడు. మాస్టారు పెండ్లిరోజు మరచెను, భార్య ఫోను నంబరు మరచెను, ఒకసారి భార్యనే బజారులో మరచి వచ్చెను. కాని ఇది?

ఆయన రొమ్ము విరిచి కన్నులు మూసెను. "బీ, కే, నాలుగు, ఏడు, సున్నా, రెండు, తొమ్మిది."

బాబాయి కంప్యూటరులో ఆ ఏడును కొట్టి, నిచ్చెన ఎక్కి, దుమ్ము దులిపి, ఒక నల్లని నూతన మూతను బల్ల మీద నుంచెను. చూచినవాడు లేడు, కొలిచినవాడు లేడు. మంత్రము పలికెను, దైవము ప్రత్యక్షమయ్యెను. ఇరువురును తృప్తిగా నవ్వుకొనిరి.

ఇంటికి వచ్చి బిగింపగా, ఆ మూత తిరుగుచుండెను. ఇంకను తిరుగుచుండెను. గోడ గడియారములో ముల్లు తిరిగినట్లు తిరుగుచుండెనే కాని ఎచటను బిగియకుండెను. మాస్టారు తన మణికట్టునే అనుమానించెను, చేయి మార్చెను, మోకాలి మీద నిలిచి త్రిప్పెను, కన్నులు మూసి సప్తాక్షరిని ముమ్మారు జపించి త్రిప్పెను. అది తిరిగెను.

శనివారము ఉదయము ఎనిమిది గంటలకు గులాబీరంగు హెల్మెట్టు మరల దుకాణము ముంగిట నిలిచెను.

"తప్పు మూత ఇచ్చావ్ బాబాయ్."

"నేనా?" పెద్దాయన ముఖము ఎఱ్ఱబారెను. "చివరి ఏడు మళ్ళీ చెప్పు."

చెప్పెను. కంప్యూటరు అదే మూతను చూపెను.

"చూశావా! ముప్పై ఏళ్ళ నుంచీ ఈ బల్ల వెనక కూర్చున్నా. కేటలాగు తప్పు చెప్పదు మాస్టారూ. తప్పంటే నీ బండిదే తప్పు."

"నా బండి తప్పా! బాబాయ్, సూర్యుడు పడమట పొడవవచ్చు, రెండూ రెండూ ఐదు కావచ్చు, కానీ నా బండి..."

"రెండూ రెండూ ఐదంటావా? నువ్వా మా మనవరాలికి లెక్కలు చెప్పేది?"

ఘోర వాగ్యుద్ధానంతరము, మొదటి మూత తయారీలోనే లోపముండవచ్చునని సంధి కుదిరెను. అదే జాతి మూత మరియొకటి మాస్టారి సంచిని చేరెను. ఇల్లు చేరి బిగింపగా, అదియును అన్న బాటనే పట్టెను.

* * *

తొమ్మిది గంటలయ్యెను. క్రేన్ బండి వచ్చి గేటు ముందు నిలిచెను. దాని కొక్కెము గాలిలో మెల్లగా నూగుచుండెను. తుక్కాయన దిగి, నీలి కారు చుట్టు ప్రదక్షిణము చేసి, పుచ్చకాయ బేరమాడువాని వలె పైకప్పును వ్రేళ్ళతో కొట్టి, చెవి యొగ్గి వినెను.

"బాగా పండింది," అనెను.

మాస్టారు ఇంటి మెట్టు మీద కూలబడి, రెండు చేతులలో రెండు కొత్త మూతలను పట్టుకొని చూచుచుండెను. ఆదివారములన్నియు ఆ కారు క్రిందనే పరుండి పైకి చూచిన పదకొండేండ్లు కన్నుల ముందు తిరిగెను. ఎవరికిని చెప్పలేదు గాని, తరగతిలో ఎవ్వడును వినని దినమున ఆయన తిన్నగా వచ్చి ఆ స్టీరింగు ముందు ఊరక కూర్చుండువాడు. అది మాత్రము ఎన్నడును ఆవులించలేదు.

ప్రక్కన ఎవరో కూర్చున్న చప్పుడయ్యెను. నల్ల కళ్ళజోడు.

"ఏమైంది అల్లుడుగారూ?"

"పట్టడం లేదు అత్తయ్యగారూ. రెండూ పట్టడం లేదు."

"షాపులో ఏమని అడిగారు?"

"చివరి ఏడు చెప్పాను."

"పాత మూత చూపించారా?"

"అక్కర్లేదండీ. చివరి ఏడు చెబితే చాలు, ఇక..."

అత్తగారు నిట్టూర్చెను. నలువదేండ్ల కుట్టుమిషను ఆ నిట్టూర్పులో ఒక్కసారి తిరిగి ఆగెను. "చొక్కాకి గుండీ ఊడిందనుకోండి. షాపుకి మిగతా గుండీ ఒకటి పట్టుకెళ్తారా, మీ పుట్టినతేదీ చెప్తారా?"

మాస్టారు చేతులలోని మూతలను మార్చి మార్చి చూచెను.

"మీకంటే ముందు ఇద్దరు తొడిగిన చొక్కా అది. మధ్యలో ఎవరో చెయ్యి మార్చి కుట్టించుంటారు. గుండీ పాతదాన్ని బట్టి కొనాలి కానీ, చొక్కా జాతకాన్ని బట్టి కాదు నాయనా."

వీరుడు లేచెను! లేచి పరుగిడెను! అలమార తలుపు పెళ్ళున తెరచి, అమరవీరుల డబ్బాను నేల మీద బోర్లించి, పాత మూతను తీసి కొత్త మూత ప్రక్కన పెట్టెను. పాతది సన్నము; కొత్తది లావు. చిన్నపిల్లవానికైనను కానవచ్చు తేడా. దానిని చూడక, గణితశాస్త్ర పారంగతుడొకడు, కేటలాగు పారంగతుడొకడు, రెండు దినములు అంకెలతో యుద్ధము చేసిరి!

"గంట ఆగు!" అని తుక్కాయనకు అభయమో బెదిరింపో తెలియని కేక వేసి గులాబీరంగు శిరస్త్రాణము మూడవ దండయాత్రకు వెడలెను.

"బాబాయ్..."

"చివరి ఏడు?"

"లేదు. ఇది." పాత మూతను బల్ల మీద నుంచెను.

కేటలాగ్ బాబాయి, ముప్పదియేండ్లలో మొదటిసారిగా, నుదుటి మీది కళ్ళజోడును కళ్ళ మీదికి దించెను. మూతను త్రిప్పి త్రిప్పి చూచెను.

"ఇది నీ బండిది కాదు మాస్టారూ. వేరే మోడల్‌ది. ముందాయనెవరో డబ్బా మొత్తం మార్చేశాడు." మూతను మెల్లగా బల్ల మీద నుంచెను. "అవునూ, ఇన్నేళ్ళలో నాకు ఎవ్వరూ వస్తువు చూపించలేదే."

"నువ్వు అడగలేదుగా బాబాయ్."

"నువ్వు తేలేదుగా."

* * *

కారు ముక్కు ఎత్తున ఉండునట్లు గేటు వాలు మీద నిలిపి, హీటరు పూర్తిగా త్రిప్పి, కూలెంటును ధారగా పోయగా, లోన చిక్కిన గాలి బుడబుడమని తన తప్పులన్నియు ఒప్పుకొని బయటికి వచ్చెను. తుదిబుడగ పగిలినంతనే మాస్టారు మూత పెట్టి త్రిప్పెను. ఒక చుట్టు. అరచుట్టు. టక్!

ఆహా, ఆ టక్కు!

పది గంటల నలుబదికి రథము కదలెను. వెనుకనే క్రేన్ బండియు కదలెను. "ఆగితే ఎత్తుకోవాలిగా, ఊరికే తిరిగి రావడం ఎందుకు?" అని తుక్కాయన న్యాయము. అద్దములో ఆ కొక్కెము ఊగుచు, ఆకలిగొన్న గ్రద్ద వలె వెంటాడుచుండెను. ముందు సీటున భార్యాభర్తలిరువురును రోడ్డును చూచుట మాని, వేడి చూపు చిన్న సూదిని చూచుచుండిరి. అది నడుమను దాటినచో నీరు మరిగినట్లే.

"మీరు రోడ్డు చూడండి. సూది నేను చూస్తా."

సూది లేచెను. పావు భాగము. లేచెను. సగము కంటె తక్కువ. చెమట ముగ్గురి మెడల వెంట కాలువలు గట్టెను. నిన్నటి కూడలి వచ్చెను. ఎఱ్ఱదీపము పడెను. కారు నిలిచెను. దాని వెన్నంటి క్రేను నిలిచెను. సూది సరిగ్గా నడుమకు వచ్చెను...

లోకము ఊపిరి బిగపట్టెను. మూడు రోడ్లును తిట్టుకొనుట మానెను. నూటయిరువది క్షణములు గడచెను.

"ఎక్కడుంది?" అని మాస్టారు గుసగుసలాడెను.

"అక్కడే."

పచ్చదీపము వెలిగెను. నీలి కారు కదలెను. ఆసుపత్రి గేటు కనబడుచుండగా తుక్కాయన ప్రక్కకు వచ్చి, కిటికీలో నుండి చేయి ఊపి, "ఇంకా పచ్చిగానే ఉంది మాస్టారూ!" అని అరచి, ఎడమ ప్రక్క వీధిలోనికి తిరిగిపోయెను. కొక్కెము మలుపున చివరిసారి ఊగెను.

"ఏవండీ," అని భార్య మెల్లగా అనెను, "ఇక హీటర్ ఆపొచ్చా?"

మాస్టారు రాజముద్ర వేయువాని వలె తల ఊపెను. ఆమె చేయి చాచి హీటరు మీటను త్రిప్పెను. ఒక్కసారిగా వేడిగాలి ఆగెను. మీట ఊడి ఆమె చేతిలోనికి వచ్చెను.

మాస్టారు ఓరకంట చూచెను. ఆమె ఆ ఊడిన మీటను ఇటు త్రిప్పి చూచెను, అటు త్రిప్పి చూచెను. కిటికీ వైపు చూచెను. పిమ్మట చేతిసంచి జిప్పు తీసి, దానిని లోపల భద్రముగా పెట్టి, జిప్పు వేసెను.

"ముక్క ఉండాలిగా," అనెను. "షాపులో చూపించడానికి."

వెనుక నుండి అత్తగారు కళ్ళజోడు సవరించుకొనుచు అడిగెను. "ఇస్త్రీ అయిపోయిందా అమ్మా?"

వినుడు, వినుడు, స్కూటరు వారలారా, బస్సు వారలారా, కాలినడక వారలారా! ఆ శనివారము ఉదయము పదకొండు గంటలకు మూడు నిమిషములుండగా, నాలుగు కిలోమీటర్ల ఘోర సంగ్రామానంతరము, ఆ మహావీరుడు సాధించిన అఖండ విజయమేమనగా: సూది నడుమ నుండి కదలలేదు.