గొల్యాతు మెదక్ ప్రయాణం

తొంభై ఆరు ఎండాకాలంలో ప్రేమ్‌రాజ్ కూలర్ కొన్నాడు. గాలి మాత్రం గొల్యాతుకే తగిలింది. నాంపల్లిలో వాళ్ల కిరాయి ఇంట్లో కూలర్ ముందున్న మంచం దానిదే మరి.

గొల్యాతు గ్రేట్‌డేన్ కుక్క. దూడంత ఒళ్లు, పిచ్చుకంత గుండె. బల్లి కనిపిస్తే ప్రేమ్‌రాజ్ భార్య యూనీస్ కొంగు చాటుకు పరుగెడుతుంది. కొంగు చాలదు కనుక తల మాత్రం దాచుకుంటుంది.

“దీన్ని మెదక్‌ల మీ అన్న పొలానికి పంపుదాం,” అన్నాడు ప్రేమ్‌రాజ్.

“గాడ బర్రెలున్నయి. బెదురుతడు వాడు.”

“మరి నా సంగతేంది?”

“మీరు బర్రెలకు బెదరరు గదా, మీరు పోండ్రి.”

చివరికి యూనీస్ ఒక మాటకు ఒప్పుకుంది. శుక్రవారం ఇంట్లో జరిగే ప్రార్థన కూటంలో ఒక్కరైనా ఈ కుక్క వద్దంటే చాలు, గొల్యాతును పంపేస్తుంది. ప్రేమ్‌రాజ్‌కి అప్పుడే మెదక్ బస్సు హారన్ వినిపించింది. స్త్రీల సమాజం పెద్ద విక్టోరియమ్మ, పిల్లి ఎదురైనా భయపడి ఆటో ఎక్కేసే మనిషి.

శుక్రవారం సాయంత్రం యూనీస్ కుక్కను వంటింట్లో పెట్టి గొళ్లెం వేసింది. ప్రేమ్‌రాజ్ ఆ తలుపు పక్కనే చోటు చూసుకున్నాడు. అందరూ మోకరించి కళ్లు మూసుకున్నారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన మొదలుపెడితే అబిడ్స్ ట్రాఫిక్ దాటి, ప్రపంచమంతా తిరిగి రావాల్సిందే. ప్రేమ్‌రాజ్ ఒంటికన్ను తెరిచి, మెల్లగా గొళ్లెం తీసి, మళ్లీ నేలకు తల వంచాడు.

గొల్యాతు గదంతా ఒక చుట్టు చుట్టింది. విక్టోరియమ్మ కొంగు వాసన చూసి వదిలేసింది. తిన్నగా వచ్చి ప్రేమ్‌రాజ్ వీపు మీద బరువంతా దించి పడుకుంది.

అరుద్దామంటే ప్రార్థన. లేద్దామంటే కుక్క. అయ్యగారు ఇంకా ఆఫ్రికాలోనే ఉన్నారు. ప్రేమ్‌రాజ్ కళ్లవెంట నీళ్లు కారాయి. అంత బరువు కిందా దాని గుండె దడదడలాడటం తెలిసింది. ఇంతమందిని చూసి బెదిరి, పిచ్చిది తననే నమ్ముకుని వచ్చింది. ఆయనకు దానిమీద ఎన్నడూ లేని ప్రేమ పుట్టుకొచ్చింది.

“ఆమెన్!” అందరూ కళ్లు తెరిచారు.

“ప్రభువా! నోరులేని జీవాన్ని వీపుమీదేసుకొని ఏడ్సుకుంట ప్రార్థన చేసెటోన్ని ఇయ్యాలనే చూసిన!” అంటూ విక్టోరియమ్మ కళ్లు ఒత్తుకుంది.

“వీన్ని మెదక్ పంపుదామంటున్నరమ్మా,” అంది యూనీస్.

“ఎవలు గా కఠినాత్ములు?”

“ఔ, ఎవలు?” అని అందరికన్నా గట్టిగా ప్రేమ్‌రాజే అడిగాడు.

జనం వెళ్లాక ఆయన ప్యాంటు వెనక జేబులో చెయ్యి పెట్టాడు. నలిగి పొడైన ఉస్మానియా బిస్కెట్లు!

“ఇస్త్రీ చేసినప్పుడే పెట్టిన,” అంది యూనీస్ తాపీగా.

“అంటే వాడు నా కోసం రాలేదా?”

పొడంతా అరచేతిలో పోస్తే గొల్యాతు శుభ్రంగా నాకేసింది. జేబు ఖాళీ అయింది. అయినా ఆయన ఒళ్లోంచి తల తియ్యలేదు.

ప్రేమ్‌రాజ్ దాని చెవులు నిమిరాడు. తర్వాత అన్నాడు: “యూనీస్, జర ఇంకో రెండు బిస్కెట్లు తే. బిడ్డ ఆకలి మీదున్నడు.”