గొడుగుల ఆటలో తహసీల్దారు కార్యాలయం

కొత్తజోగిపాలెం మండల తహసీల్దారు కార్యాలయం పైకప్పు పెచ్చులూడి పడుతుండడంతో, మరమ్మతులు పూర్తయ్యేవరకు కార్యాలయాన్ని కోరాడ వనజ తయారుచేసిన వీడియో గేములోకి మార్చారు. ముందు కల్యాణమండపం చూశారు గాని పెళ్లిళ్ల సీజను అడ్డొచ్చింది. హైస్కూల్లో రెండు గదులు అడిగితే పరీక్షలన్నారు. ఆటలో మాత్రం గాలీ వెలుతురూ బాగున్నాయనీ, వాన అప్పుడే వెలిసినట్టు ఎప్పుడూ చల్లగా ఉంటుంది కాబట్టి ఫ్యాన్లు అక్కర్లేదనీ ఇంజనీరు నివేదిక ఇచ్చాడు.

వనజ ఉండేది బస్టాండు వెనక సైకిల్ షాపు మీద గదిలో. చెప్పులు మెట్ల దగ్గర విడిచి, కంప్యూటరు తెర ఎడమ అంచు దగ్గర కాస్త ఒంగితే ఎవరైనా లోపలికి వెళ్లొచ్చు. రికార్డుల బీరువాలు నిలువుగా పట్టకపోతే పక్కకి వాల్చి తోశారు. అటెండరుకి నడుం పట్టేసింది. తరలింపులో వచ్చిన ఇబ్బంది అదొక్కటే.

ఆట పేరు ‘గొడుగు ఎవరిది’. వాన వెలిసిన ఒక చిన్న ఊరు. జనం అరుగుల మీదా మంగలిషాపులోనూ గొడుగులు మరిచిపోయి వెళ్లారు. ఆడేవాళ్లు ఒక్కో గొడుగూ తీసుకుని, దాని మనిషిని వెతికి ఇచ్చేయాలి. తుపాకులు లేవు, పాయింట్లు లేవు, తొందరపెట్టే గడియారం లేదు. గొడుగులు మొత్తం ఏడు. మొదట్లో నలభై ఉండేవి. తొమ్మిదేళ్లు ఒక్కతే కూర్చుని వనజ చేసిన పనిలో సగం తీసేయడమే.

“ముప్పై మూడు ఎందుకు తీసేశావమ్మా?” అని తహసీల్దారు గొర్లె ఈశ్వరరావు అడిగాడు.

“అవి ఆట పొడుగు కోసం పెట్టినవి సార్. ఆడేవాళ్ల కోసం కాదు.”

ఈశ్వరరావు ఆ మాటని డైరీలో రాసుకున్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన తనంతట తాను డైరీలో రాసుకున్న మాట అదొక్కటేనని ఆయనే చెప్పాడు.

ఆటకి కొన్ని నియమాలున్నాయి. లోపలికి వచ్చిన కార్యాలయానికి కూడా అవే వర్తించాయి, అద్దెకి దిగినవాళ్లకి ఇంటి పద్ధతులు వర్తించినట్టే. మూసి ఉన్న ప్రతి తలుపు మీదా అది తెరుచుకోవడానికి ఏం కావాలో రాసి ఉండాలి. పొరపాటు చేసినవాడు ఒక్క అడుగే వెనక్కి వెళ్లాలి గాని మొదటికి వెళ్లకూడదు. ఒకసారి చూపించినదాన్ని మళ్లీ చూపించమనకూడదు. కార్యాలయం దిగిన మొదటి రోజునే తహసీల్దారు గది తలుపు మీద ‘కావలసింది: తట్టడం’ అని కనిపించింది. అర్జీదారులు తట్టారు. తలుపు తెరుచుకుంది. ఈశ్వరరావు లోపలే ఉన్నాడు.

సీనియర్ అసిస్టెంటు మేరీరత్నానికి మాత్రం ఆ రోజు గొంతు దగ్గర చిక్కొచ్చింది. ఎదురుగా నిలబడ్డ మనిషితో “రేపు రండి” అనబోతే “కూర్చోండి, చూస్తాను” అని వచ్చింది. నాలుగైదుసార్లు ప్రయత్నించింది. మంచినీళ్లు తాగి ప్రయత్నించింది. చివరికి వనజని పిలిపించింది.

“ఆటలో మనుషులు నేను రాసిన మాటలే అంటారండీ,” అంది వనజ. “ఆ మాట నేను రాయలేదు.”

“ఎందుకు రాయలేదమ్మా?”

“ఆడ్డానికి వచ్చినవాళ్లని ఊరికే తిప్పకూడదు కదండీ.”

మేరీరత్నం ఎదుటి మనిషిని కూర్చోబెట్టి, ఫైలు చూసింది. ఫైలు పైనే ఉంది.

ఇక్కడ వనజ పని చేసే తీరు చెప్పాలి. అటువంటి మనిషిని మెచ్చుకోకుండా ఉండడం కష్టం. ఎవరైనా తన ఆట ఆడుతుంటే ఆమె వాళ్ల వెనక ఎత్తుపీట వేసుకుని కూర్చుంటుంది. ఇలా వెళ్లండి, అది నొక్కండి అని ఒక్క ముక్క అనదు. వాళ్లెక్కడ ఆగారో, ఎక్కడ మొహం చిన్నబోయిందో పుస్తకంలో రాసుకుంటుంది. ఆమె లెక్కలో ఆడేవాళ్లు తప్పు చెయ్యరు, చేస్తే ఆట చేసినట్టు. ఒక పెద్దావిడ మంగలిషాపు మెట్టు దగ్గర మూడుసార్లు తడబడిందని మెట్టుని రెండు వేళ్ల మందం తగ్గించింది. దానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పెద్దావిడ తప్ప మరెవరూ అక్కడ తడబడలేదు. ఈ సంగతి విని ఈశ్వరరావు, మా శాఖలో మెట్లు ఎవరి కాళ్లు చూసి కట్టారో నాకిప్పటికీ తెలీదన్నాడు.

మొదటి వారంలోనే పొట్నూరు సింహాద్రి ఆచారి పని కూడా అయిపోయింది. ఆయన వడ్రంగి. ఆయన అరవై రెండు సెంట్లు రికార్డుల్లో పక్క సర్వే నంబరులో కలిసిపోయాయి. వాటిని విడదీయించుకుని, అందులో షెడ్డు వేసి కోతమిషను పెట్టుకోవాలని ఆయన కోరిక. పదకొండేళ్లుగా సోమవారం సోమవారం కార్యాలయానికి వస్తున్నాడు. ఆటలోకి వచ్చిన సోమవారం నాడు, తట్టిన ఇరవై నిమిషాలకి సవరణ ఉత్తర్వు చేతిలో పెట్టారు. అందినట్టు సంతకం పెడితే చాలు.

ఆచారి కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. వెలుతురుకి పెట్టి చూశాడు. బల్ల మీద పెట్టేసి, సంతకం పెట్టకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు మళ్లీ వచ్చాడు. వరండాలో గోడవార నిలబడి, సాయంత్రం దాకా ఉండి వెళ్లాడు. ఆ మర్నాడూ అంతే. ముప్పై రోజుల్లో సంతకం పడకపోతే ఉత్తర్వు రద్దవుతుంది. మళ్లీ మొదటి అర్జీ నుంచి రావాలి. ఒక్క అడుగే వెనక్కి అనే నియమం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే రద్దయ్యేది జిల్లా కేంద్రంలో, అక్కడికి ఆట చేరదు. ఈ సంగతి ఈశ్వరరావు స్వయంగా ఆయనకి రెండుసార్లు చెప్పాడు. ఆచారి తలూపాడు. అదే గోడవార నిలబడ్డాడు.

వనజ ఎత్తుపీట తెచ్చుకుని ఎనిమిది రోజులు ఆయన వెనక కూర్చుంది. తొమ్మిదో రోజు ఆయనే వెనక్కి తిరిగాడు.

“ఏటమ్మా అలా సూస్తన్నావు?”

“మీరెక్కడ ఆగిపోయారో తెలీడం లేదు ఆచారి గారూ.”

“నానాగిపోనేదమ్మా. పని అయిపోయింది. అదే ఇబ్బంది.” ఆయన గొంతు తగ్గించాడు. “ఇరవై నిమిసాల్లో అయిపోయే పనా ఇది? అలాగైతే ఆ పదకొండేళ్లు ఏటి మరి? దేనికి తిరిగినట్టు నాను? సంతకం ఎట్టేస్తే అయి ఉత్తినే పోయినట్టే గదా.”

వనజ ఆ మాటల్ని పుస్తకంలో రాసుకుంది. రాసుకుంటుంటే ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకుంది. అక్కడ ఇంకెవరైనా అయితే ఆయనకి నచ్చజెప్పేవాళ్లు. ఆమెకి ఆ అలవాటు లేదు. ఆట మార్చింది.

ఆ పదకొండేళ్లకీ ఆటలో ఒక వీధి కట్టింది. ఏ సోమవారం ఏ పని వదులుకుని వచ్చారో చెప్పమంది. ఆచారి రెండు రోజులు చెప్పాడు. కిటికీలు, మంచాలు, ఒక బడికి ముప్పై బల్లలు. నాలుగు వందల ముప్పై సోమవారాలు తేలాయి. సోమవారానికో తలుపు చొప్పున నిలబెట్టి, ఆయన్ని అడిగి ఒకేలా ఉన్నవాటిని తీసేస్తూ వచ్చింది. చివరికి పందొమ్మిది మిగిలాయి. ఇరవై ఒకటో రోజుకి వీధి సిద్ధమైంది.

ఆచారి లోపలికి వెళ్లి, మొదటి తలుపు మీద చెయ్యివేసి, బందుల అతుకు తడిమి చూసి, బాగా చేశావమ్మా అన్నాడు. తరవాత దాని మీద రాత చదివాడు. రాతలు వనజవి కావు. రికార్డుల బీరువాలు ఆటలోనే ఉన్నాయి కాబట్టి నియమం ప్రకారం తలుపులే రాసుకున్నాయి. మొదటిదాని మీద ‘కావలసింది: ఒక సంతకం. పెట్టవలసినవారు ఆ పూట గదిలోనే ఉన్నారు’ అని ఉంది. రెండోదాని మీద ‘కావలసింది: సర్వేయరు. ఆ రోజు వచ్చారు. మీ అర్జీ వదిలి, దాని కిందున్నది తీసుకువెళ్లారు’ అని ఉంది. మూడోది ఆయన చెల్లెలు ఇల్లు కట్టుకున్న నాటిది. ఆమె ఇంటికి ద్వారబంధం ఎత్తే ముహూర్తం ఆ సోమవారమే పడింది. వడ్రంగి అన్నగారుండగా వేరే వడ్రంగిని పిలిపించి ఎత్తించుకున్నారు. చెల్లెలు అప్పట్నుంచీ మాట్లాడడం లేదు. ఆ తలుపు మీద ‘కావలసింది: ఏమీ లేదు. ఆ రోజు గడియ వేసి లేదు’ అని ఉంది.

ఆచారి వెనక్కి వచ్చేశాడు. వచ్చి తన పాత గోడవార నిలబడ్డాడు.

“ఆ రాతలు తీసెయ్యమ్మా,” అన్నాడు చివరికి. “తలుపులుండనీ. మూసున్న తలుపు నాకలవాటే. ఎందుకు మూసీసేరో తెలిస్తే మాత్రం ఇంటికెల్లి అన్నం తిన్లేను.”

మేరీరత్నం తన బల్ల దగ్గర్నుంచి లేచొచ్చింది. “మూడో తలుపు రోజు సీట్లో నేనే ఉన్నానండీ,” అంది. “గడియ వేసి లేదని నాకు తెలుసు. మీరు తొయ్యలేదు, నేను రమ్మనలేదు.”

“అవునమ్మా, నువ్వేటి సేత్తావు,” అన్నాడు ఆచారి. నిజంగానే ఆమెని ఓదార్చాడు. అది చూడడం అక్కడున్నవాళ్లకి కష్టంగా అనిపించింది.

రాతలు తీసేస్తే సరిపోతుంది కదా అని ఈశ్వరరావు అన్నాడు. కావాలంటే తీసెయ్యమని కాగితం మీద రాసి ఇస్తానన్నాడు.

“రాత లేని తలుపు పెడితే అది మీ ఆఫీసు అవుతుంది సార్. నా ఆట కాదు.”

ఈశ్వరరావు నొచ్చుకోలేదు. నిజమేనన్నాడు.

కాని ఆడేవాళ్లు తప్పు చెయ్యరన్నది కూడా ఆమె నియమమే. ఆచారి వద్దంటున్నాడంటే తప్పు ఆచారిది కాదు, వీధిదే. అయిదు రోజులు వనజ ఆ తలుపుల ముందు కూర్చుంది. ఉత్తర్వుకి గడువు దగ్గరపడుతోందని మేరీరత్నం రోజూ గుర్తుచేసింది. ఇరవై ఏడో రోజున వనజ రాతల్ని చెరపకుండా తలుపుల అవతలివైపుకి మార్చింది. ముందు నుంచి చూస్తే ఉత్త చెక్క. తలుపు దాటాక, కావాలనుకుంటే, వెనక్కి తిరిగి చదువుకోవచ్చు. ఇష్టం లేనివాళ్లు తిన్నగా నడిచిపోవచ్చు. ఎవరినీ బలవంతపెట్టని ఇటువంటి ఉపాయం తట్టాలంటే ఎదుటి మనిషి మీద ఎంత గౌరవం ఉండాలో ఊహించుకోవచ్చు.

ఇరవై తొమ్మిదో రోజు ఉదయం ఆచారి వీధిలోకి వెళ్లాడు. ఒక్కో తలుపు ముందూ అప్పట్లో నిలబడినట్టే నిలబడ్డాడు. అది తెరుచుకునేదాకా ఆగి, దాటాడు. రాతలు అవతలివైపున ఉన్నాయని ఆయనకి తెలుసు. వనజ ముందే చెప్పింది. మెడ పట్టేసినవాడిలా ముందుకే చూస్తూ నడిచాడు. మూడో తలుపు దాటినప్పుడు మాత్రం ఆయన నడక కాసేపు ఆగింది. తలుపు వైపు చెయ్యి వెనక్కి చాపి, గడియ ఉండే చోటు తడిమి, చెయ్యి తీసేసుకున్నాడు. మధ్యాహ్నానికి అవతలికి వచ్చి, మేరీరత్నం బల్ల దగ్గర కూర్చుని సంతకం పెట్టాడు.

“ఇప్పుడు పనైనట్టుందమ్మా,” అన్నాడు. ఆయన మొహంలో పదకొండేళ్లలో ఎవరూ చూడని నిమ్మళం కనిపించింది.

సంగతి మండలమంతా పాకింది. ఇరవై నిమిషాల్లో పని ముగించుకుని అయోమయంగా తిరుగుతున్నవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లంతా తమకీ ఒక వీధి కావాలన్నారు. వనజ ఎవరినీ కాదనలేదు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఏం వదులుకుని వచ్చారో అడిగి, వాళ్లకి సరిపోయే తలుపులు చేసి, రాతల్ని అవతలివైపున ఉంచింది. తహసీల్దారు కార్యాలయం ఇటువంటి సేవ అందించడం ఇదే మొదటిసారని కలెక్టరేటు నుంచి ప్రశంస వచ్చింది. మిగతా మండలాల నుంచి అధికారులు వచ్చి చూసి వెళ్తున్నారు. వాళ్లు తలుపుల కొలతలు రాసుకుంటున్నారు.

ఈ నెలాఖరుకి ఆరు వందల పన్నెండు మంది తమ తమ వీధులు నడిచి సంతకాలు పెట్టారు. ఎవరెక్కడ ఆగారో రాసుకోవడం వనజ అలవాటు కాబట్టి, వెనక్కి తిరిగి చదివినవాళ్ల సంఖ్య కూడా ఆమె పుస్తకంలో ఉంది. ఇప్పటివరకు ఒక్కరూ లేరు. ఆ సున్నా కింద ఆమె ఏమీ రాసుకోలేదు, ఆడేవాళ్లు తప్పు చెయ్యరు గనక. మేరీరత్నం ఆ సున్నాని నెలవారీ నివేదికలోకి ఎక్కించింది. ప్రొఫార్మాలో దానికి వేరే గడి లేకపోవడంతో ‘ఫిర్యాదులు’ అన్న గడిలో వేసి, సంతకానికి పంపింది.