ఐడా గారి కొట్టం పక్కనున్న పికప్

ఆ శనివారం పొద్దున ఓరిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పాన్‌కేకులు తినడం, కొండ కింద ఐడా గారి పశువుల కొట్టం దాకా వెళ్లడం, అక్కడ అమ్మకానికున్న పాత పికప్‌ను పైనా కిందా చూడడం, బాగుంటే ఇంటికి తోలుకురావడం. "బాగుంటే" అన్న మాట దగ్గర అతని భార్య మార్వా కాఫీ కప్పు కింద పెట్టింది.

"బాగుంటే కాదు, నడిస్తే. పెరట్లో ఇప్పటికే రెండు పడున్నాయి. ఒకదాంట్లో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి, ఇంకోదాంట్లో చెట్టు మొలిచింది. ఇది కూడా తాడు కట్టి లాక్కొచ్చావంటే ఇక ఈ జన్మకి నీకు గేట్లే గతి."

గేట్ల మాట ఎత్తేసరికి ఓరిన్‌కు పాన్‌కేకు గొంతులో అడ్డం పడింది. నెవాడా కొండల్లోని ఆ ఊరివాళ్లు మే నెల చివర్లో ఒకరోజు బళ్లేసుకుని, లోయలోని రాళ్ల దారి పట్టి పాత వెండి గని దాకా పోతారు. దారి పొడుగునా పశువుల వాళ్లు వేసుకున్న ముళ్లకంచె గేట్లు. తీసిన గేటు మూయకుండా పోయినవాణ్ని ఆ చుట్టుపక్కల మనిషి కింద లెక్కవేయరు. తీసేదీ మూసేదీ డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నవాడే. ఆ నియమం ఎవరు పెట్టారో తెలియదు గాని, తప్పినవాడు లేడు.

ఇంట్లో ఉన్న బుల్లి కారు ఆ రాళ్లను చూస్తేనే బెదురుతుంది. అందుకని ఓరిన్ ఏటా స్నేహితుడు గాలెన్ బండిలో పక్క సీట్లో కూర్చునేవాడు. గాలెన్ మంచివాడే. కాని గేటు దాటాక కావాలని బండిని ఇంకాస్త ముందుకు పోనిచ్చి ఆపేవాడు. ఓరిన్ గేటు మూసి, దుమ్ము మింగుతూ పరిగెత్తుకొస్తుంటే అద్దంలో చూసి మురిసిపోయేవాడు. ఏడాదంతా ఊరి పిల్లలను స్కూలు బస్సులో తిప్పే మనిషికి ఆ ఒక్కరోజు పడే అవమానం మళ్లీ ఏడాది దాకా అరిగేది కాదు. ఈసారి స్టీరింగు తన చేతిలో ఉండాలి, గాలెన్ దిగి గేటు తీయాలి. అంతకు మించి అతను దేవుణ్ని ఏమీ కోరలేదు.

అలాగని దొరికిన బండినల్లా తెచ్చుకునే రకం కాదు. ముందు కింద దూరాలి, తరవాత పైన చూడాలి, అమ్మేవాడి మాట ఆఖర్న వినాలి అన్నది అతని పద్ధతి. ఆ లెక్కన చలికాలమంతా తిరిగాడు. ఒకదాని ఛాసిస్ తుప్పులోకి వేలు దిగిపోయింది. ఇంకొకదాన్ని ఎత్తు పెంచీ పెంచీ, ఎక్కడానికి నిచ్చెన కూడా ఇస్తామన్నారు. మరొకటి అన్నివిధాలా నచ్చింది గాని, దాని యజమాని బండి తట్టి ఏడవడం మొదలుపెట్టేసరికి మనసొప్పక వచ్చేశాడు.

ఐడా గారు ఫోనులో విషయం తేల్చి చెప్పింది. ఆ బండి తన ముసలాయనదనీ, ఆయన పోయినప్పటి నుంచీ స్టార్టవలేదనీ, కొట్టం పక్కనే ఉందనీ, తాళం దాంట్లోనే ఉందనీ. తాళం సంగతి ఆవిడ చెప్పనక్కరలేదు. ఆ ప్రాంతంలో బండిలోంచి తాళం తీసి జేబులో వేసుకోవడమంటే ఇరుగుపొరుగును దొంగలనడమే.

"నేను జుట్టు సెట్ చేయించుకోడానికి ఊళ్లోకి పోతున్నా, ఇంట్లో ఉండను. అది కదిలిందంటే నీదే నాయనా, తోలుకుపో. చలికాలానికి నాలుగు కట్టెలు పడేద్దువుగాని," అంది.

ఓరిన్, గాలెన్ వెళ్లేసరికి లేత గోధుమరంగు పికప్ ఒకటి కొట్టం పక్కన నిలబడి ఉంది. కొట్టం వెనక ఎక్కడో ఆవు ఒకటి ఊరెత్తుకుపోయేలా అరుస్తోంది. ఓరిన్ వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు. గాలెన్‌కు అనుమానమొచ్చి బూటుతో అతని కాలు తట్టాడు.

"ఒరేయ్ గాలెన్, తుప్పు లేదురా," అంది కిందినుంచి ఒక గొంతు. అందులో తడి ఉంది.

తాళం తిప్పగానే ఇంజను పిల్లిలా గుర్రుమంది. గాలెన్ బానెట్ మీద చెయ్యి పెట్టి, ఇది వెచ్చగా ఉందేమిట్రా అన్నాడు. ఎండ అన్నాడు ఓరిన్. ముసలాయన పోయాక స్టార్టవని బండి ఇప్పుడెలా స్టార్టయిందని గాలెన్ మళ్లీ అడిగాడు. కొంతమంది చేతిలో ఉంటుంది అన్నాడు ఓరిన్, చెయ్యి చూపిస్తూ. డాష్‌బోర్డు మీద కాగితంలో చుట్టిన శాండ్‌విచ్ కనపడింది. తాము వస్తామని ఐడా గారే చేసిపెట్టి ఉంటుందనీ, ఆవిడ మనసు అలాంటిదనీ ఓరిన్ తీర్మానించాడు. చెరిసగం తిన్నారు. వెనక తొట్టిలో తాళ్లు, సీసాలు, భుజం దాకా వచ్చే రబ్బరు తొడుగులు ఉన్నాయి. ముసలాయన ఏదీ పారేసే మనిషి కాదన్నమాట. వాటి మధ్య ఒక కుక్క పడుకుని ఉంది.

"కుక్క సంగతి ఆవిడ చెప్పలేదే," అన్నాడు గాలెన్.

"దించితే దిగుతుందేమో అడుగు."

కుక్క దిగలేదు. బండితో పాటే వస్తుందని అనుకున్నారు.

ఓరిన్ అక్కడినుంచే ఐడా గారికి ఫోను చేసి బండి స్టార్టయిందని చెప్పాడు. ఆవిడ తలమీద జుట్టు ఆరబెట్టే టోపీ ఉండడంతో గట్టిగా అరిచి మాట్లాడింది. దాంతో పార్లర్లో ఉన్న ఆడవాళ్లందరికీ కబురు తెలిసింది. చచ్చిన బండిని ఓరిన్ ఒక్క తిప్పుతో బతికించాడన్న వార్త అతనికంటే ముందే ఇంటికి చేరింది. అతను ఠీవిగా గేట్లోకి వచ్చేసరికి సగం ఊరు పెరట్లో ఉంది. మార్వా కూడా తలుపు దగ్గరికి వచ్చి చూసింది.

అంతమంది ముందు ఊరికే నిలబడడం ఓరిన్ వల్ల కాలేదు. కోళ్ల బండికున్న పెద్ద టైర్లు దీనికి ఎక్కించాలి, ఎక్కించాలంటే ముందు మడ్‌గార్డులు కోయాలి. రాళ్లలో తిరిగే బండికి అదే మొదటి సంస్కారమని జనానికి ఉపన్యాసం ఇచ్చాడు. సోమవారం దాకా ఆగకూడదా, ముందు ఐడా గారితో కాగితాలు రాసుకోకూడదా అని మార్వా అడిగింది. కోత మిషను చప్పుడులో అది ఎవరికీ వినపడలేదు. నిప్పురవ్వలు ఎగిశాయి. ఎడమవైపు మడ్‌గార్డు కిందపడింది. జనం చప్పట్లు కొట్టారు. కుక్క మాత్రం లేచి, తొట్టి చివరికి పోయి కూర్చుంది.

కుడివైపు సగం కోసి మిషను ఆపాక, సీటు కింద ఏదో మోగుతోందని తేలింది. మార్వా చెయ్యి పెట్టి ఫోను బయటికి తీసింది. అవతలి మనిషి చెప్పింది విని, అందరి వైపు ఒకసారి చూసింది.

"డాక్టర్ గారు లేరండీ," అంది ఫోనులో, నెమ్మదిగా. "బండి ఉంది. సగం ఉంది."

అది కొండ అవతలి ఊరి పశువుల డాక్టరు హోబిక్ గారి ఫోను. ఐడా గారి తొలిచూలు ఆవుకు దూడ అడ్డం తిరిగిందని ఆయన ఓరిన్ వాళ్లకంటే కాస్త ముందే వచ్చి, కొట్టం వెనక షెడ్డులో మోచేతి దాకా పనిలో ఉన్నాడు. ఆవు అరుపుల్లో తన బండి స్టార్టవడం ఆయనకు వినపడలేదు. దూడను బయటికి లాగి, చేతులు కడుక్కుని వచ్చేసరికి బండీ లేదు, కుక్కా లేదు, తినడానికి దాచుకున్న శాండ్‌విచ్చూ లేదు.

పెరట్లో అందరూ ఒక్కసారిగా తమ పనులు గుర్తు తెచ్చుకున్నారు. కాని ఎవరూ కదల్లేదు. ఓరిన్ కింద పడ్డ మడ్‌గార్డు ముక్కను తీసి, దాని చోట పెట్టి పట్టుకుని నిలబడ్డాడు. చేతులు వదిలితే అది పడుతుంది. పట్టుకుంటే ఎంతసేపని పట్టుకోవడం? మే నెల, లోయ, స్టీరింగు అన్నీ వేళ్ల సందుల్లోంచి జారిపోతున్నట్టు అనిపించింది.

అప్పుడే వీధి మలుపులో ఉరిమినట్టయింది. నల్లటి పొగ, దాని వెనక ఇంకొక లేత గోధుమరంగు పికప్. అదే రంగు, అదే వయసు. సైలెన్సర్ లేదు. ఒక తలుపు తాడుతో కట్టి ఉంది. అది గేట్లోకి వచ్చి, ఆగకుండా పెరడంతా దాటి, గడ్డిమేటుకు గుద్దుకుని ఆగింది. లోపలినుంచి ఒంటినిండా దుమ్ముతో, ఎలుక గూటి పీచుతో డాక్టరు దిగాడు.

"బ్రేకులు లేవు," అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. "వాగు కూడా దాటాను. తలుపులోంచి నీళ్లొచ్చాయి."

ఐడా గారి భర్త, డాక్టరు గారి నాన్న మంచి స్నేహితులట. ఒకేరోజు ఒకేచోట ఒకే రకం బళ్లు కొన్నారట. ఐడా గారి భర్త బండి కొట్టం అవతలి వైపు టార్పాలిన్ కింద ఉంటుందని డాక్టరుకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ట్రాక్టరు బ్యాటరీ తీసి తగిలించి, గూళ్లు పీకి, ఆయన దాన్ని లేపి, తన బండి చక్రాల జాడ పట్టుకుని వచ్చాడు.

ఓరిన్ మడ్‌గార్డు వదలకుండానే క్షమాపణ చెప్పుకున్నాడు. రెండువైపులా కొత్తవి వేయిస్తానన్నాడు, ఎంత చెబితే అంత ఇస్తానన్నాడు. డాక్టరు తన బండి వైపు ఒకసారి చూసి, చూపు మళ్లీ పొగబండి మీదికి తిప్పేశాడు.

"ఒద్దులే బాబూ. నాన్న పోయినప్పటి నుంచీ ఈ నా బండినే నడుపుతున్నాను. ఇది ఒక్కసారి కూడా నన్ను కంగారు పెట్టలేదు. నువ్వే ఉంచుకో. అదుగో, అది నాకియ్యి. ఐడా గారికి కట్టెలు నేను వేస్తాను."

ఓరిన్ పొగబండి వైపు చూశాడు. చలికాలమంతా వెతికిన బండి అది. రిపేరు చేయడానికి అందులో లేనిది లేదు. ఎదురుగా ఉన్న దీంట్లో మాత్రం చెయ్యి పెట్టడానికి తను కోసిన రెండు రేకులు తప్ప ఏమీ లేవు. కాదందామంటే అడిగింది బండి పోగొట్టుకున్న మనిషి. డాక్టరు కుక్కను ఎక్కించుకున్నాడు. ఎక్కుతూ ఎక్కుతూ, డాష్‌బోర్డు మీద ఒక పొట్లం ఉండాలే అన్నాడు. గాలెన్ ఆకాశం వైపు చూశాడు.

మార్వా మంచి బండెక్కి తాళం తిప్పింది. చప్పుడు లేదు, పొగ లేదు. దిగుతూ తాళం చెవి తీసి ఆప్రన్ జేబులో వేసుకుంది. ఆ ఊళ్లో ఆ పని చేసినవాళ్లు అంతకుముందు లేరు.

మే నెల చివర్న బళ్లన్నీ లోయ దారి పట్టాయి. అన్నిటికంటే ముందు డాక్టరు పొగబండి. గాలెన్ తన బండి ఇంట్లో పెట్టి, సరదా చూద్దామని డాక్టరు పక్కన ఎక్కాడు. బ్రేకులు ఇంకా పూర్తిగా కుదరకపోవడంతో గేటు దాటాక చాలా దూరం పోయిగాని అది ఆగలేదు. గాలెన్ పరిగెత్తాడు. ఓరిన్ కళ్లారా చూశాడు. కాని తృప్తిగా చూసేందుకు వీల్లేకపోయింది. అప్పటికే వెనక గేటు మూయడానికి అతను దిగి ఉన్నాడు. ముళ్లతీగ మేకుకు తగిలించి, దుమ్ము దులుపుకుంటూ వచ్చేసరికి మార్వా స్టీరింగు మీద వేళ్లతో తాళం వేస్తోంది.

"తొందరగా ఎక్కు," అంది. "ఏసీ చల్లగాలి బయటికి పోతోంది."