కామాల మధ్య లిఫ్టు

ఇకమీదట పత్రికలవాళ్ళతో ఇంగ్లీషులోనే మాట్లాడతానని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు. ప్రజారోగ్యాన్ని దృష్టిలో పెట్టుకుని తీసుకున్న ఈ నిర్ణయాన్ని శాఖాధికారులందరూ లేచి నిలబడి చప్పట్లతో ఆమోదించారు. ఒక్క అధికారి మాత్రం కూర్చునే చప్పట్లు కొట్టాడు. ఆయనకి మోకాళ్ళ నొప్పులని తర్వాత విచారణలో తేలింది.

ఈ నిర్ణయం వెనక చిన్న సంగతుంది. పెద్దాసుపత్రిలో మోకాళ్ళ వార్డు మూడో అంతస్తులో ఉంది. మోకాళ్ళు బాగున్నవాళ్ళకి అక్కడ పని లేదు, బాగాలేనివాళ్ళు అక్కడిదాకా ఎక్కలేరు, అందువల్ల ఆ వార్డు ఎప్పుడు చూసినా అద్దంలా ఉంటుంది. ఎన్నికలప్పుడు మంత్రిగారు అక్కడ లిఫ్టు పెట్టిస్తానని మాటిచ్చారు. మొన్నీమధ్య ఇంగ్లీషు పేపరు విలేకరి ఒకమ్మాయి మైకు ముందుకు చాచి, "వేర్ ఈజ్ ద లిఫ్ట్, సర్?" అని అడిగింది. లిఫ్టు ఎక్కడ అన్నదానికి మంత్రిగారు ఏమాత్రం తడుముకోకుండా "యస్" అన్నారు. మర్నాడు అది మొదటి పేజీలో వచ్చింది. ఫోటో మాత్రం బాగా పడిందని పీఏ ఓదార్చాడు.

అలా కామా మాస్టారికి కబురెళ్ళింది.

కామా మాస్టారంటే ప్రభుత్వ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే టెంపరరీ మాస్టారు. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగుతారు. ఆగినచోట కామా ఉందని మనం గ్రహించాలి. అందుకని పిల్లలు ఆ పేరు పెట్టారు, అదే స్థిరపడిపోయింది. ఆయన ఉద్యోగమే స్థిరపడలేదు. "టెంపరరీయే గానీ, రేపోమాపో పర్మనెంట్ అవుతుందండి" అని పెళ్ళి మాటలప్పుడు అత్తగారికి చెప్పారు. ఆ పెళ్ళికి పుట్టిన కూతురు ఇప్పుడు ఆయన క్లాసులోనే మూడో బెంచీలో కూర్చుని ఆవలిస్తోంది. ఏటేటా ఒక కాగితం వస్తుంది, ఇంకో ఏడాది పొడిగిస్తారు, ఇంట్లో ఇంకో ఏడాది పొయ్యి వెలుగుతుంది.

ఒక్క పాఠం మాత్రం మాస్టారు ప్రాణం పెట్టి చెప్తారు. హూ, విచ్, దట్, హూజ్. గ్రామరు పుస్తకాలు వీటితో మొదలయ్యే వాక్యపు ముక్కల్ని రిలేటివ్ క్లాజులంటాయి. ఆ పాఠం చెప్తున్నప్పుడు ఆయన మొహం వెలిగిపోతుంది. పిల్లలు కూడా ఆ గంటసేపూ ఆయన్ని ఏమాత్రం ఇబ్బంది పెట్టకుండా నిద్రపోతారు.

"మంత్రిగారికి ఇంగ్లీషు కావాలి, మీకు పర్మనెంట్ కావాలి. ఇంతకంటే విడమర్చి చెప్పాలా?" అన్నాడు పీఏ.

అక్కర్లేకపోయింది. మాస్టారి భార్య ఉన్నవాటిలో మంచి చొక్కా ఇస్త్రీ చేసిచ్చింది. అత్తగారు గుమ్మం దాకా వచ్చారు. కూతురి దగ్గరే ఉంటున్న ఆవిడకి మోకాళ్ళు మొరాయిస్తున్నాయి గానీ నోరు ఇంకా బాగానే పనిచేస్తోంది.

"ఈసారైనా నోరు తెరిచి అడుగయ్యా. సగం చెప్పి కామా దగ్గర ఆగిపోకు," అన్నారు.

మాస్టారు వెళ్ళేసరికి మంత్రిగారు సోఫాలో కూర్చుని టీవీలో తమను తామే చూసుకుంటున్నారు. మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"మన మాటల్లో మనిషి సంగతి ముందొస్తుందండి, మనిషి తర్వాతొస్తాడు. 'నిన్న బజార్లో కనిపించిన మనిషి' అంటాం. ఇంగ్లీషులో ముందు మనిషిని నిలబెట్టి, ఆనక హూ అని అతని సంగతి చెప్తారు."

"ముందు నిలబెట్టడమే మంచిది. పారిపోకుండా ఉంటాడు," అన్నారు మంత్రిగారు టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"రాసేటప్పుడు ఈ హూలూ దట్‌లూ పద్ధతిగా పెడతారండి. మాట్లాడేటప్పుడు చాలాసార్లు మింగేస్తారు."

"మింగడం మనకి కొత్త కాదు, తర్వాతది చెప్పండి," అన్నాడు పీఏ. మంత్రిగారు అతనికేసి ఓ చూపు చూశారు.

మాస్టారు అసలు చోటికి వచ్చారు. "ఇందులో రెండు రకాలండి. కామాల్లేకుండా 'మై సన్ హూ ఈజ్ ఎ డాక్టర్' అంటే, నాకు ఇంకా కొడుకులున్నారు, వాళ్ళలో డాక్టరు చేసే కొడుకు అని. అదే అటో కామా ఇటో కామా పెడితే, ఒక్కడే కొడుకు, డాక్టరన్నది మాటవరసకి చెప్తున్నట్టు."

"మాటవరసకంటే?"

"అంటే అది కొత్త కబురు కాదండి. అందరికీ తెలిసిందే కదా అన్నట్టు అలా అనేసి ముందుకెళ్ళిపోతాం. అసలు కబురు రెండో కామా తర్వాత వస్తుంది."

మంత్రిగారు టీవీ కట్టేశారు. తమ మొహాన్ని తామే ఆర్పేసుకోవడం పీఏ ఎన్నడూ చూసి ఎరగడు.

"ఆ కామాల మధ్య చెప్పినదాన్ని ఎవరైనా నిలదీస్తారా?"

"నిలదీయరండి. మా అబ్బాయి, డాక్టరు చేస్తున్నాడు లెండి, రేపొస్తున్నాడంటే... ఏ బండికి వస్తున్నాడని అడుగుతారు గానీ సర్టిఫికెట్ చూపించమనరు కదండీ."

మంత్రిగారు లేచి నిలబడ్డారు. ఇన్నాళ్ళ ప్రజాసేవలో ఇంత పనికొచ్చే మాట తనకెవరూ చెప్పలేదన్నారు. మాస్టారికి కళ్ళు చెమర్చాయి. తన పాఠానికి గంట కొట్టకుండానే ఒకరు లేచి నిలబడటం ఆయన సర్వీసులో అదే మొదటిసారి.

మంత్రిగారు గదిలో అటూ ఇటూ పచార్లు చేసి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అన్నారు. "ద లిఫ్ట్, విచ్ వుయ్ ఫిక్స్‌డ్ లాస్ట్ ఇయర్, విల్ గెట్ ఎ మిర్రర్. పోయినేడాది మేం బిగించిన లిఫ్టుకి ఇప్పుడు అద్దం పెడుతున్నాం. తప్పులున్నాయా?"

"వాక్యంలో లేవండి."

"మరి ఎందులో ఉన్నాయి?"

"అంటే, లిఫ్టు..."

"మాస్టారూ, మా తాతగారికి పది ఏనుగులున్నాయని ఒక కుర్రాడు పరీక్షలో రాశాడనుకోండి. మార్కులేస్తారా, వెయ్యరా?"

"వాక్యం బాగుంటే వేస్తానండి."

"వాళ్ళింటికెళ్ళి ఏనుగుల్ని చూసొచ్చి వేస్తారా?"

"లేదండి."

"అయితే వెయ్యండి మరి."

మాస్టారు పదికి పది వేశారు. న్యాయంగా చెప్పాలంటే ఆ వాక్యానికి అంతకన్నా తక్కువ వెయ్యలేం. వెళ్ళబోతూ, "అయ్యా, నా పర్మనెంట్ సంగతి," అన్నారు. అక్కడ కామా వచ్చింది. "అది నా మనసులో ఉంది," అన్నారు మంత్రిగారు, ఆ ఖాళీలో.

పత్రికలవాళ్ళ సమావేశంలో మంత్రిగారు ఆ వాక్యాన్ని గుక్కతిప్పుకోకుండా చెప్పారు. కామాల దగ్గర మాత్రం చక్కగా ఆగారు. ఆ విలేకరి అమ్మాయి నోరు తెరిచేలోపు వెనక వరసలోంచి ఎవరో, "అద్దం ఎంత పొడుగుండొచ్చు, సార్?" అని అడిగారు. ఇంకొకరు చెక్క ఫ్రేమా, స్టీలు ఫ్రేమా అన్నారు. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న ఆ గోలలో ఆవిడకే వినపడలేదు.

మర్నాడు ప్రతిపక్ష నాయకుడు నిప్పులు చెరిగాడు. జనం లిఫ్టులో ఉక్కపోతతో చచ్చిపోతుంటే మంత్రికి సోకులు కావలసి వచ్చాయా, అద్దం వద్దు, ఫ్యాను పెట్టాలి, అన్నాడు. దీంతో శాసనసభ వాయిదా పడింది. టీవీల్లో అద్దంవాళ్ళూ ఫ్యానువాళ్ళూ ఒకళ్ళ మీద ఒకళ్ళు మైకులు విసురుకున్నారు. రోగి తన మొహం తాను చూసుకుంటే ధైర్యం వస్తుందా, ఉన్నది కాస్తా పోతుందా అన్నదాని మీద నిపుణుల సంఘం వేశారు. వాళ్ళు విదేశాలకెళ్ళి, అక్కడి లిఫ్టులు పైకీ కిందికీ కూడా వెళ్తున్నాయని గమనించి వచ్చారు.

ఇంత గొడవ జరుగుతున్న లిఫ్టుకి మనిషి లేకపోతే ఎలా? లిఫ్ట్‌మ్యాన్ పోస్టు ఒకటి మంజూరు చేశారు. పర్మనెంట్ పోస్టు. ఊరేగింపుల్లో జెండా మోసీ మోసీ భుజం వంగిపోయిన కార్యకర్త ఒకతనికి అది దక్కింది. అతన్ని అందరూ జెండా అనే అంటారు. ఆసుపత్రి కింది అంతస్తులో, మెట్ల పక్కన, గోడ ముందు స్టూలు వేసుకుని అతను కూర్చుంటాడు.

ఆ వారమే అత్తగారు మోకాళ్ళు చూపించుకోవడానికి వెళ్ళొచ్చారు. వస్తూనే కుర్చీలో కూలబడ్డారు. మాస్టారి భార్య వేడినీళ్ళ సంచీ తెచ్చిచ్చింది.

"లిఫ్టేదబ్బాయ్ అని అడిగాను ఆ స్టూలు మీదతన్ని. రష్‌గా ఉంది, మెట్లెక్కమన్నాడు. అతని వెనకాల గోడ తప్ప ఏమీ లేదు. ఏమయ్యా, నువ్వు రోజూ మంత్రిగారికి పాఠం చెప్పడానికెళ్తావుగా, అద్దం సంగతీ ఫ్యాను సంగతీ నాకెందుకు గానీ, ఇంతకీ లిఫ్టెక్కడుంది?"

"అది, కామాల మధ్య ఉందత్తయ్యా," అన్నారు మాస్టారు తల దించుకుని.

"నీ పర్మనెంటో?"

"మంత్రిగారి మనసులో ఉంది."

అత్తగారు వేడినీళ్ళ సంచీ మోకాలి మీద అటునుంచి ఇటు మార్చుకున్నారు.

చివరికి అద్దమూ ఫ్యానూ రెండూ పెట్టాలని అన్ని పక్షాలూ ఏకాభిప్రాయానికి వచ్చాయి. ఆ సందర్భంగా విజయోత్సవ సభ పెట్టారు. తన ఇంగ్లీషుకి కారకులైన గురువుగారిని మంత్రిగారు వేదిక మీదికి పిలిచారు. ముందు వరసలో భార్య, కూతురు, కాలేజీ ప్రిన్సిపాలు ఉన్నారు. ఆ వారంలోనే ఏడాది పొడిగింపు గడువు ముగుస్తోంది. మంత్రిగారు ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పరని మాస్టారికి తెలుసు.

మంత్రిగారు మాస్టారి భుజం మీద చెయ్యేశారు. "అవర్ మాస్టర్, హూ బికేమ్ పర్మనెంట్ దిస్ ఇయర్, సింగ్స్ వెరీ వెల్," అన్నారు. అందరికీ అర్థం కావాలని మన మాటల్లో కూడా చెప్పారు. "ఈ ఏడాదే పర్మనెంట్ అయిన మన మాస్టారు, చాలా బాగా పాడతారు."

"పాట! పాట!" అని సభ హోరెత్తిపోయింది.

"అయ్యా, నేను..." అన్నారు మాస్టారు.

"మొహమాటపడుతున్నారు," అన్నారు మంత్రిగారు. పీఏ మైకు తెచ్చి మాస్టారి నోటి దగ్గర పెట్టాడు.

జన్మలో పాడని మాస్టారు పాడారు. మధ్యలో రెండుసార్లు పాట మర్చిపోయి ఆగారు. జనం వాటిని కూడా సంగీతంలో భాగమే అనుకుని తలలూపారు. షీల్డు ఒకటి చేతిలో పెట్టి కిందికి పంపారు. ఇంటికొచ్చేసరికి వీధిలోవాళ్ళు గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. పాట ఎప్పుడు నేర్చుకున్నారని అడిగారు.

మర్నాడు మాస్టారు పొడిగింపు కాగితం పట్టుకుని ప్రిన్సిపాలు గదికి వెళ్ళారు.

"దీనిమీద నేనెలా సంతకం పెడతానండీ? పర్మనెంట్ అయిన మనిషికి టెంపరరీ పొడిగింపిస్తే రేపు నా ఉద్యోగం ఊడుతుంది," అన్నారు ప్రిన్సిపాలు.

"నేను పర్మనెంట్ కాలేదండి."

"సభలో నేనూ ఉన్నాను. మంత్రిగారు అన్నారు, మీరు పక్కనే నిలబడి విన్నారు. కాదంటే అప్పుడే అనాల్సింది."

"అది కామాల మధ్య అన్నారండి. అప్పుడు నేను పాడుతున్నాను."

"బాగా పాడారు," అన్నారు ప్రిన్సిపాలు మనస్ఫూర్తిగా. సోమవారం నుంచి ఆ క్లాసులకి వేరే టెంపరరీ మాస్టారు వచ్చాడు.

కామా మాస్టారు ఉన్న చొక్కాతోనే, ఇస్త్రీ కూడా లేకుండా, మంత్రిగారి ఇంటికి పరుగెత్తారు. జరిగింది చెప్పారు. ఈసారి ఎక్కడా ఆగలేదు. ఇంట్లో పొయ్యి సంగతి, కూతురి చదువు సంగతి, తను ఆ వాక్యానికి పదికి పది వేసిన సంగతి, అన్నీ ఒక్క గుక్కలో అనేశారు. అని, సిగ్గుపడి, ఏడ్చేశారు.

మంత్రిగారు నిజంగానే నొచ్చుకున్నారు. "నేనొక మాటన్నాక అది అబద్ధం కావడానికి వీల్లేదు," అన్నారు. పీఏని పిలిచి, మన శాఖలో పర్మనెంట్ ఖాళీలేమైనా ఉన్నాయా అని అడిగారు. ఒక్కటుందన్నాడు పీఏ. జెండాని నిన్ననే లిఫ్టు సూపరింటెండెంటుగా ప్రమోట్ చేశారు. ఆర్డరు అప్పటికప్పుడే టైపు చేయించారు. అందులో పర్మనెంట్ అన్న మాట కింద పీఏ స్వయంగా గీత గీశాడు. మంత్రిగారు అన్న మాట నిలబెట్టుకున్నారని మర్నాడు పేపర్లన్నీ రాశాయి.

మాస్టారి భార్య ఆ ఆర్డరు కాగితాన్ని రెండుసార్లు చదివింది. మూడోసారి చదవకుండా మడిచి బీరువాలో పెట్టి, మంచి చొక్కా ఇస్త్రీ చేసింది.

గురువారం అత్తగారు మళ్ళీ మోకాళ్ళు చూపించుకోవడానికి వచ్చారు. కింది అంతస్తులో మెట్ల పక్కన, కొత్తగా వెల్లవేసిన గోడ ముందు, స్టూలు మీద అల్లుడు కూర్చుని ఉన్నారు. ఆవిడని చూసి లేచి నిలబడ్డారు. ఆవిడ గోడని చూశారు, అల్లుణ్ణి చూశారు, మెట్లకేసి చూశారు. చుట్టూ నలుగురు వింటున్నారు. పక్క గదిలో సూపరింటెండెంటు జెండా కూడా ఉన్నాడు.

"లిఫ్టు వస్తుందా, నాయనా?" అని అడిగారు అత్తగారు.

"లిఫ్టు, పోయినేడాది బిగించారండి, ఇప్పుడు కొంచెం రష్‌గా ఉంది," అన్నారు మాస్టారు. కామాల దగ్గర ఆగారు. "మెట్లెక్కండి."

అత్తగారు ఆయన కాలరు సరిచేసి, గోడ పట్టుకుని, మొదటి మెట్టు ఎక్కారు.