పద్నాలుగు జతల చెప్పుల తీర్మానం

ఆగస్టు ఇరవై ఒకటో తేదీ శ్రీపాల్‌కు బాగా గుర్తు. ఆ పొద్దున ఆయన తిన్నది, ఉప్పు రెండుసార్లు పడిన ఉప్మా. భార్య పోయి మూడేళ్లయినా వంటకు ఇంకా చెయ్యి కుదరలేదు. అయితేనేం, ఉప్మా వేడిగా ఉంది. అదీ ఒక మేలే అనుకుని గిన్నె కడిగి బోర్లించాడు.

శ్రీపాల్‌ది జనగామ. బయ్యారం దారిలోని ఒక తండాకు పంచాయతీ కార్యదర్శిగా వచ్చి, అక్కడే అద్దెకుంటున్నాడు. ఆ రోజు పని చిన్నదే. పది గంటలకు గ్రామసభ పెట్టి, విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో గిరిజన విద్యార్థుల రిజర్వేషన్‌ను ఒక్క సీటు కూడా తగ్గకుండా అమలు చేయాలని తీర్మానం చేయాలి. అది కాగానే సర్పంచ్ కమ్లీ తన కూతురు ఉమను తీసుకుని మండలాఫీసుకు పోవాలి. ఉమకు ఆ కోటాలోనే యూనివర్సిటీలో సీటు వచ్చింది. కుల ధ్రువపత్రం మాత్రం తాసిల్దారు సంతకం కాక వారంగా ఆగిపోయింది. సాయంత్రం ఐదులోపు అది యూనివర్సిటీకి అందకపోతే సీటు ఇంకొకరిది.

సభకు పద్నాలుగు మంది వచ్చారు.

"గీ పద్నాలుగు మందితోని తీర్మానం పంపితే యూనివర్సిటోళ్లు నవ్వరా సార్?" అంది కమ్లీ.

"ఫొటోల అంతా పెద్దగనే కనబడ్తది సర్పంచమ్మా. జర నాకిడిసిపెట్టుండ్రి."

శ్రీపాల్ బయటికొచ్చి, గడప దగ్గర కుప్పగా ఉన్న చెప్పులను జతలు విడదీసి మరీ, ఒకదాని వెనక ఒకటి రోడ్డు దాకా పేర్చాడు. ఫొటో తీశాడు. చూసినవాళ్లకు లోపల కాలుపెట్టే సందు లేదనిపించాలి, అనిపించింది. సంతృప్తిగా లోపలికి వెళ్లి, దుమ్ము రాకుండా తలుపు దగ్గరగా వేశాడు.

సరిగ్గా అప్పుడే పక్క ఊరి భద్రు బండి మీద అటుగా వచ్చాడు. ఆ నెలంతా ఎరువుల దుకాణాల ముందు యూరియా కోసం మనుషులకు బదులు చెప్పులే నిలబడుతున్నాయి. ఇక్కడ చూస్తే చెప్పుల వరుస, మూసిన తలుపు, లోపల పేర్లు పిలుస్తున్న గొంతు. ఇంక అడగాల్సిందేముంది? తన చెప్పులు చివర పెట్టి ఫోన్ తీశాడు.

"తమ్మీ, తండా పంచాయతీల యూరియా ఇస్తుండ్రు. ఎవ్వలకు చెప్పకు, జల్ది రా!"

ఎవరికీ చెప్పొద్దన్న ఆ మాట గంటలో నాలుగు ఊళ్లు తిరిగింది.

శ్రీపాల్ తలుపు తీసేసరికి వరుస రోడ్డు దాటి మొక్కజొన్న చేనులోకి దిగింది. ఒకాయన హెల్మెట్ పెట్టాడు, ఒకామె టిఫిను గిన్నె పెట్టింది. మరికొందరు పాసుబుక్కులు పెట్టి వాటి మీద రాళ్లుంచారు. వందల మంది ఉత్తకాళ్లతో నీడ చూసుకుని కూర్చున్నారు.

"ఈడ యూరియా లేదు!" అని అరిచాడు శ్రీపాల్.

"ముందుగాల గట్లనే అంటరు," అంది మోతీ. వరుసకు తనంతట తానే కాపలా పెద్దయిన ముసలామె. "మొన్న దుకాణపాయన గూడ లేదు లేదనుకుంటనే ఎన్కకెళ్లి బస్తాలు పంపిండు."

"ఒట్టమ్మా! ఈ లైను నేనే పేర్చిన, ఫొటో కోసం."

"మంచిగ పేర్చినవ్ సార్. వంకర లేదు."

"మేం యూనివర్సిటీ సీట్ల కోసం సంతకాలు తీసుకుంటున్నం, గంతే!"

"ఇనుండ్రి! సంతకాలు సుత మొదలైనయట!"

జనం ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చారు. శ్రీపాల్ గొంతు చించుకుని తీర్మానం చదివాడు. పక్క ఊళ్లవాళ్ల కోసం 'మద్దతు తెలిపినవారు' అని వేరే పేజీ తెరిచాడు.

"ఒక్క బస్తాకు ఎన్ని షరతులు పెట్టిండ్రే!" అన్నాడు భద్రు కలం అందుకుంటూ. "పోనీ తియ్, పిల్లలు సదువుకుంటే మంచిదే గదా."

మధ్యాహ్నానికి కమ్లీ కూతుర్ని లేవదీసి, వరుసలోంచి తన చెప్పులు తీయబోయింది.

"ఏయ్ సర్పంచీ, ముట్టకు!" అని అరిచింది మోతీ. "లైన్ల చెప్పు కదిలితే లొల్లయితది."

"నా చెప్పులే గదనే అవి!"

"గందుకే చెప్తున్న. నీ నంబర్ పోతది."

ఉత్తకాళ్లతో పోదామన్నా దారి లేదు. రోడ్డు మీద ఆటోలు, ట్రాక్టర్లు ఒకదానికొకటి అడ్డం పడి ఉన్నాయి. ఉమ మెట్టు మీద కూలబడింది.

"కోటా ఉండాలని ఇంతమంది సంతకం పెట్టిండ్రు సార్," అంది మెల్లగా. "కోటాల వచ్చిన నా ఒక్క సీటు పోతున్నది."

శ్రీపాల్ రిజిస్టరు పట్టుకునే రోడ్డు మీదికి ఉరికి, ట్రాక్టర్లు పక్కకు తీయమని ఒక్కొక్కరినీ బతిమాలాడు; నంబరు పోతుందని ఎవరూ కదల్లేదు.

నాలుగు గంటలకు, తండాలో తొక్కిసలాటని ఎవరో ఫోన్లలో పంపిన వార్త చూసి, పోలీసులు ట్రాక్టర్లను పక్కకు జరిపిస్తుండగా తాసిల్దారు జీపు దిగాడు.

"ఎవరయ్యా ఈ జనాన్ని పోగేసింది?"

శ్రీపాల్ చేతిలో ఉన్న రిజిస్టరు అందించాడు. తాసిల్దారు తీర్మానం చదివి, పేజీలు తిప్పి, చివరి అంకె దగ్గర ఆగాడు. నాలుగు వందల పన్నెండు.

"మీరంతా దీనికోసమే వచ్చిండ్రా?"

పోలీసుల లాఠీలు చూసిన జనం ఒక్క గొంతుతో అన్నారు: "అవ్ సార్!"

కమ్లీ ఆ మాట కింద పడనివ్వలేదు. "అయితే సార్, గీ పిల్ల కాయితం వారం సంది మీ తాననే ఉన్నది. ఐదు కొడితే సీటు పోతది."

"రేపు ఆఫీసుకు..." అనబోయి తాసిల్దారు చుట్టూ చూశాడు. మద్దతు తెలిపినవారంతా ఆయన వైపే చూస్తున్నారు.

"ల్యాప్‌టాప్ జీపులనే ఉన్నది సార్," అన్నాడు డ్రైవరు, అడగకుండానే.

నాలుగు యాభై రెండుకు డిజిటల్ సంతకం పడింది. ఉమ తన ఫోన్‌లోంచే పత్రాన్ని యూనివర్సిటీకి పంపింది; నాలుగు యాభై ఆరుకు అందిందని మెసేజ్ వచ్చింది. ఉమ దాన్ని రెండుసార్లు చదివింది. తల్లి భుజం మీద తల వాల్చింది.

"మరి మా యూరియానో?" అని వెనక నుంచి భద్రు.

తాసిల్దారుకు అక్కడి నుంచి బయటపడటమే పెద్ద పనిగా ఉంది. "రేపటి లారీ ముందుగాల ఈడికే పంపిస్త," అని మాటిచ్చి జీపెక్కాడు. ఆ మాటతో జనం చెప్పులను అక్కడే వదిలి ఇళ్లకు నడిచారు. కమ్లీ, ఉమ కూడా ముళ్లు చూసుకుంటూ, నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

చీకటి పడుతుంటే శ్రీపాల్ ఆఫీసుకు తాళం వేసి తన చెప్పుల కోసం వంగాడు.

"ముట్టకు సార్," అంది మెట్ల పక్కన చాప పరచుకున్న మోతీ. "పేర్చినోనివి ముందుంటయి గదా. మొదటి నంబర్ నీదే."

సెంటు భూమి లేని శ్రీపాల్, రేపటి యూరియాకు మొదటి హక్కుదారుగా, ఉత్తకాళ్లతో ఇంటికెళ్లి మెల్లగా తలుపు వేసుకున్నాడు.