ముద్ర ఉన్న మాత్ర

"దువ్వెనలో పదకొండు వెంట్రుకలున్నాయి," అన్నాడు అర్జునరావు, దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి.

"అందులో నాలుగు తెల్లవి. అవి మీవి," అంది నీలిమ, పక్క దులుపుతూనే.

"మరి మిగతా ఏడు?"

"మనిషన్నాక రాలవేటండీ? దువ్వెన కడగమని వారం నుంచి చెప్తన్నాను. కడగలేదు గానీ లెక్కెట్టేరు."

"ఆ పేరులేని మాత్ర మొదలెట్టిన కాడి నుంచే రాల్తన్నాయి."

"దానికీ పేరుంది. మందు పేరే దాని పేరు. కంపెనీవాళ్లు పెట్టిన ముద్దుపేరు లేదు, అంతే."

వంటగదిలో కాఫీ తాగుతున్న జోగమ్మకు కొడుకూ కోడళ్ల వాదన ప్రతి ముక్కా వినబడుతోంది. "పొద్దున్నే ఎంటికల పంచాయితీ ఏట్రా అర్జునా? నా నెత్తి మీద మొత్తం కలిపినా పదకొండు లేవు. నాను ఏడ్సేనా?"

అర్జునరావు స్టీల్ ప్లాంటులో, తీగచుట్టలు తయారయ్యే మిల్లులో, తనిఖీ అధికారి. ముద్ర సరిగా పడని చుట్ట ఎంత మంచిదైనా ఎర్రరంగు చీటీ అంటించి పక్కన పెట్టించేవాడు. తోటివాళ్లు వెనకాల 'రిజెక్టు అర్జునరావు' అనేవారు. ముందర కూడా అదే అనేవారు, ఆయన దాన్ని బిరుదు అనుకునేవాడు కనుక.

అలాంటి మనిషి ఇంట్లోకి, పెద్ద కంపెనీ పేరు లేకుండా, ఉత్త మందు పేరుతో థైరాయిడ్ మాత్ర వచ్చింది. డాక్టరమ్మే కొత్త చీటీ రాసి, జెనెరిక్ వాడుకోవచ్చు, కాకపోతే ఒకే కంపెనీది మానకుండా వాడాలి, ఆరు వారాలకు రక్తం చూద్దాం అంది. నీలిమ తల ఊపింది. అర్జునరావు అక్కడే కూర్చుని 'జెనెరిక్' అన్న ఒక్క మాటా విని, మిగతాదంతా రిజెక్టు చేశాడు.

ఇందులో మొండితనం ఎంత ఉందో భయమూ అంత ఉంది. నాలుగేళ్ల క్రితం నీలిమ పగలూ రాత్రీ తేడా లేకుండా నిద్రపోయేది. ముఖం వాచింది, గొంతు బొంగురుపోయింది, మండుటెండలో దుప్పటి అడిగేది. ఆయన దానికి బద్ధకం అని పేరు పెట్టాడు. ఒకరోజు గట్టిగానే అన్నాడు కూడా. ఆ తరవాత రక్తపరీక్ష వచ్చింది, కందిగింజంత మాత్ర వచ్చింది, రెండు నెలల్లో ఆయన భార్య ఆయనకు తిరిగి వచ్చింది. ఆ సీసాను దేవుడి గూట్లో పెడదామన్నాడు. నీలిమే వద్దంది. ఇప్పుడా మాత్ర మారిందంటే, మనిషి మళ్లీ దుప్పటి కిందికి వెళ్లిపోతుందేమోనని ఆయన గుబులు.

అందుకని ఆ సాయంత్రమే పాత చీటీ పట్టుకుని హుస్సేన్ బాషా మందుల షాపుకు వెళ్లాడు.

"ఇది పాతది కదా బావా," అన్నాడు హుస్సేన్ బాషా.

"చీటీ పాతదే, పెళ్లాం అదే. నువ్వు సీసా ఇయ్యి."

"సూడు బావా, నాను రెండూ అమ్ముతాను. రెండూ మంచియ్యే. ఇవాళ ఇది, రేపు అది అంటేనే తేడా కొడతాది. డాక్టరమ్మని అడిగేవా?"

"అడిగేను," అన్నాడు అర్జునరావు. ఆయన జీవితంలో తనిఖీ లేకుండా బయటికి వదిలిన మొదటి మాట అది.

నీలిమ ప్రతి ఆదివారం రాత్రి భోజనాలయ్యాక ఏడు గదుల డబ్బాలో వారానికి సరిపడా మాత్రలు వేసుకుంటుంది. ఆమె మేడ మీద బట్టలు తేవడానికి వెళ్లగానే అర్జునరావు డబ్బాలోవి తీసి జేబులో వేసుకుని, సీసాలోవి ఏడు గదుల్లో వేసేశాడు. సీసా హెల్మెట్లో దాక్కుంది.

వారం తిరిగేసరికి ఫలితం ఆయన కళ్లకు కట్టినట్టు కనిపించింది. నీలిమ సింహాచలం వెళ్లి మెట్లన్నీ ఎక్కి వచ్చి, వచ్చిన కాళ్లతోనే దోసెల పిండి రుబ్బింది. ఆయన ఒక మాట అనేలోగా మూడు మాటలు అంది. 'ముద్రంటే ఇదీ!' అనుకున్నాడు. రెండో ఆదివారం మళ్లీ డబ్బా నింపాడు.

గురువారం ప్లాంటు క్యాంటీన్లో తోటి ఉద్యోగి చలమయ్య తన భార్యకూ థైరాయిడే అని వాపోయాడు. అర్జునరావు గర్వంగా సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

చలమయ్య కళ్లద్దాలు పెట్టుకుని సీసా మీది మోతాదు చదివాడు. "మా ఆడదానికీ వందే బావా. మీ ఇంట్లో కూడా వందేనేటి?"

"మాది డెబ్బై అయిదు. కొత్త చీటీలో..." అని ఆగిపోయాడు అర్జునరావు.

పాత చీటీలో వంద. డాక్టరమ్మ మోతాదు కూడా తగ్గించిందన్న సంగతి, కొత్త చీటీలో కళ్లబడినా, ఆయన రిజెక్టు చేసిన సామగ్రిలో ఉండిపోయింది.

షాపుకు ఫోను చేశాడు. "బావా, మోతాదు ఎక్కువైతే ఏటవుద్ది?"

"గుండె దడ, సెయ్యి వణుకు, నిద్ర పట్టదు. ఎందుకు బావా?"

"మనిషి హుషారుగా తిరుగుతాదా?"

"అలాగే ఉంటాది మరి. ఎవరికి బావా? ముందది ఆపించి, డాక్టరమ్మకి సెప్పు."

అయితే ఆ సింహాచలం మెట్లు భక్తి కాదు, మోతాదు! అర్జునరావు ఇంటికి పరిగెత్తాడు. చేతులు వణికాయి, గుండె దడదడలాడింది. లక్షణాలన్నీ ఉన్నాయి, మాత్ర వేసుకోని మనిషిలో.

ఇంట్లో నీలిమ స్టూలెక్కి ఫ్యాను తుడుస్తోంది.

"దిగు! దిగు నీలిమా! కూర్చో. చెయ్యి ఇలాగియ్యి." నాడి పట్టుకుని గడియారం చూశాడు.

"ఏటండీ ఇది, పెళ్లినాడు కూడా ఇంత గట్టిగా పట్టుకోలేదు."

"నీకొకటి చెప్పాలి."

"చెప్పండి. ఈలోగా ఆ ఫ్యాను తుడిచేయండి."

తుడిచాడు. మొదటి పనిగా డబ్బాలో మిగిలిన మాత్రలు తీసేసి, జేబులో దాచిన పేరులేని మాత్రలు వేశాడు. రాత్రి మళ్లీ "నీలిమా, నీకొకటి..." అన్నాడు. "చెప్పండి, ఈ కొబ్బరి కోరుతూ." కోరాడు. శుక్రవారం గిన్నెలు తోమాడు, బట్టలు ఆరేశాడు, తల్లికి మోకాళ్ల నూనె రాశాడు.

"ఏటే కోడలా," అంది జోగమ్మ ఆశ్చర్యంగా, "మాత్ర నువ్వేసుకుంతన్నావా, ఈడేసుకుంతన్నాడా? ఈడికే బాగా పని సేత్తంది."

ఆరు వారాలు నిండాయని శనివారం నీలిమ పరగడుపున వెళ్లి రక్తం ఇచ్చి వచ్చింది. ఆ రాత్రి అర్జునరావుకు నిద్ర లేదు. నీలిమ మాత్రం ఫోనులో రిపోర్టు చూసుకుని హాయిగా నిద్రపోయింది. అంత నిశ్చలంగా పడుకోవడం కూడా ఆయనకు అనుమానంగానే ఉండి, రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు.

ఆదివారం మధ్యాహ్నం వంజరం పులుసుతో ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. ఆయన ముద్ద కలిపాడు, నోటి దాకా పోలేదు.

"నీలిమా, నాను పాపం సేసేను," అన్నాడు. సీసా, పాత చీటీ, హెల్మెట్, క్యాంటీన్, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. "నీకేటైనా అయితే నాను బతకలేను. పద, ఇప్పుడే డాక్టరమ్మ కాడికి పోదాం."

నీలిమ ఎడమచేత్తో ఫోను ఆయన ముందుకు జరిపింది. రిపోర్టులో అంకె ఉండవలసిన చోటే ఉంది.

"అదెలాగ?"

ఆమె లేచి వెళ్లి ఒక చిన్న స్టీలు గిన్నె తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది. అందులో పదకొండు మాత్రలున్నాయి.

"మొదటి సోమవారమే చూశాను. నా మాత్ర నున్నగా ఉంటుంది. వీటి మీద కంపెనీ అక్షరాలు చెక్కి ఉన్నాయి. మీరు మెచ్చుకునే ముద్రే మిమ్మల్ని పట్టిచ్చింది. ప్రతి రోజూ నాది బీరువాలోని అట్ట నుంచి తీసి వేసుకున్నాను."

"మరి సింహాచలం మెట్లు?"

"డెబ్బై అయిదుతోనే ఎక్కాను."

"తెలిసీ నాకు చెప్పలేదేటి?"

"మీరే చెప్తారని చూశాను. మూడు రోజులు ఆలస్యం చేశారు. ఆ మూడు రోజుల్లో ఇల్లు అద్దంలా అయింది." నవ్వుతున్నదల్లా ఆగింది. "చూడకుండా మింగి ఉంటే ఏమయ్యేదండీ?"

అర్జునరావు తల ఎత్తలేదు. ఒక కన్నీటి చుక్క పులుసులో పడింది. "నువ్వు సూసి మింగే మనిషివి కాబట్టి నా ఇల్లు నిలబడింది," అన్నాడు.

"నేను దుప్పటి కప్పుకుని పడుకున్న ఏడాది మీరు మరిచిపోలేదు. అది చాలు నాకు." ఆమె గొంతు కొద్దిగా బొంగురుపోయింది, ఈసారి జబ్బు వల్ల కాదు. తరవాత నీళ్లు తాగి, గట్టిగా ప్రకటించింది. "అత్తయ్యా, మీరూ వినండి. నా జెనెరిక్ మాత్రే ఉంటుంది, అదే కంపెనీది. సీసా హుస్సేన్ బాషా గారికి చూపించి ఏం చెయ్యమంటారో అడుగుతాను. ఇకపోతే మూడు రోజులుగా ఈయన ముఖం ఎర్రబడి, చేతులు వణుకుతున్నాయి. రేపు పొద్దున్నే నాతో వచ్చి ఈయన బీపీ చూపించుకుంటున్నారు."

"మరి మాత్ర రాస్తే?" అన్నాడు అర్జునరావు బితుకుబితుకుమంటూ.

"రాస్తే?"

"ఏ మాత్ర?"

"ఏది కావాలి?"

అర్జునరావు తల్లి వైపు చూశాడు, గిన్నె వైపు చూశాడు, చివరికి భార్య వైపు చూశాడు.

"నువ్వు సదివి, నా సేతిలో ఎట్టింది," అని, అప్పటిదాకా ఆగిపోయిన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.