కారు దిగితే కనపడని ఊరు

అమెరికాలోని ఫెయిర్‌మోర్ అనే చిన్న ఊళ్లో, కారు దిగిన మనిషి నూరు అడుగులు దాటగానే ఎవరికీ కనపడకుండా పోతాడు. ఊరివాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. ప్రతి దుకాణం గుమ్మంలోనే పార్కింగ్ కట్టుకున్నారు. అంతకు మించి నడిచేవాళ్ళు ఎందరని నగర కార్యాలయం ఏటా లెక్క తీసేది. ఒక్కరూ కనపడేవారు కాదు.

వకుళ నడిచేది. ఇంట్లో ఉన్న ఒక్క కారునీ భర్త మాధవ్ పొద్దున్నే ఫ్యాక్టరీకి తీసుకెళ్ళేవాడు. లైబ్రరీకి వెళ్ళాలంటే నాలుగు వరసల రోడ్డు దాటాలి.

“శనివారం నేనే దింపుతాను కదా, అప్పటిదాకా ఆగొచ్చుగా” అన్నాడు మాధవ్.

“అప్పటిదాకా నేను లేనట్టేనా?” అంది వకుళ.

కనపడనివాళ్ళు ఒకరికొకరు కనపడతారు. అలా పరిచయమైనవాడే లెనార్డ్. చూపు మందగించి లైసెన్సు పోగొట్టుకున్న ముసలి వడ్రంగి. ఇద్దరూ కలిసి రోడ్డు దాటేవారు, ఆమె కళ్ళతో, అతని చెవులతో. అక్టోబరులో వకుళకు జ్వరం వచ్చిన రోజున లెనార్డ్ ఒక్కడే దాటబోయాడు. “కారు ముందుభాగం సొట్టపడింది, కారణం తెలియదు” అని పోలీసులు రాసుకున్నారు. అతనే ఫోన్ చేసి, మూలుగుతూ దారి చెప్పి, అంబులెన్సు ఎక్కాక కనపడ్డాడు. తుంటి విరిగింది.

జ్వరం తగ్గీ తగ్గకముందే వకుళ నగర కార్యాలయానికి నడిచింది. రోడ్డు దాటేచోట తెల్లచారలు గీయమని అర్జీ. గుమస్తా, వకుళ గొంతు వినిపించిన వైపు తిరిగి, మర్యాదగా నవ్వింది. ఫారంలో నాలుగో గడి, కారు రంగు.

“కారు లేదండీ. అందుకే వచ్చాను.”

“మీరు రాలేదు మేడమ్. వచ్చినవాళ్ళు కనపడాలి. ఏదైనా బండిలో రండి, తప్పకుండా తీసుకుంటాను.”

నగరసభకు పదిహేడుమంది కనపడనివాళ్ళని వెంటబెట్టుకెళ్ళి గంటసేపు మాట్లాడింది. “ప్రజలెవరూ హాజరు కాలేదు. ఏసీ చప్పుడు ఎక్కువగా ఉంది” అని మినిట్స్‌లో నమోదైంది. మరుసటి వారమే ఏసీ బాగుచేయించారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం వకుళ తెల్లరంగు డబ్బాలతో రోడ్డెక్కింది. కాసేపటికి మాధవ్ కారు ఆపి దిగి, నూరు అడుగులు నడిచి, కనపడకుండా పోయి, ఆమె పక్కన వంగి రోలర్ అందుకున్నాడు.

“కేసు పెడతారేమో” అన్నాడు.

“ఎవరి మీద?”

రంగు మాత్రం అందరికీ కనపడింది. దానంతటదే పరుచుకుంటున్న చారల ముందు కార్లు ఒక్కొక్కటే ఆగాయి. చారల ముందు ఆగాలని చట్టం. విచారణ జరిగింది. గీసినవాళ్ళు లేరు గనక చర్య లేదు. చెరపాలంటే కూలీలు కారు దిగి చాలాసేపు నడవాలి. దానికి ఎవరూ ఒప్పుకోలేదు.

డిసెంబరులో లెనార్డ్ వాకర్ పట్టుకుని, వకుళ పక్కన నడుస్తూ వచ్చాడు. చారల మీద అతనికి ఒక్కో అడుగుకీ ఒక్కో నిమిషం పట్టింది. రెండు వైపులా కార్లు బారులు తీరాయి. మొదటి కారులోని ఆవిడ అద్దం దించి తొంగిచూసింది.

“ఎవరున్నారు?” అని లోపలినుంచి భర్త అడిగాడు.

“ఎవరూ లేరు. అయినా ఆగాలి” అందావిడ.

లెనార్డ్ కంగారుగా వాకర్‌ని ముందుకు జరపబోయాడు. వకుళ దానిమీద చెయ్యి వేసి ఆపింది.

“తొందరేముందండీ, మనం లేం కదా” అని, అతని ఊపిరి కుదుటపడేదాకా నడిరోడ్డు మీద నిలబడింది.